ఓ2 పెడితే ఆల్పైన్‌లో మాత్రమే తప్పు రీడింగులు, ఇది కంపైలర్ బగ్గేనా?

మారతహళ్ళి_మెస్ (బెంగళూరు)
అందరికీ నమస్కారం. మా దగ్గర ఒక పాత సీ ప్రోగ్రాం ఉంది. ఫ్యాక్టరీల్లో పెట్టే మీటర్ల నుంచి మాడ్‌బస్ (ఫ్యాక్టరీ పరికరాలు మాట్లాడుకునే ప్రోటోకాల్) మీద వచ్చే డేటా విప్పి వోల్టేజీ, కరెంటు రీడింగులు బయటికి తీస్తుంది. రాసినవాళ్ళెవరూ ఇప్పుడు కంపెనీలో లేరు. ఇన్నాళ్ళూ ఉబుంటుకి డెబ్ ప్యాకేజీ, రెడ్‌హ్యాట్ వాడేవాళ్ళకి ఆర్‌పీఎం కట్టి ఇస్తున్నాం, ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇప్పుడు కంటైనర్ సైజు తగ్గించాలని పైనుంచి ఒత్తిడి, ఆల్పైన్ (చాలా చిన్న లినక్స్) మీద కట్టమన్నారు, కట్టాం. టెస్టుల్లో కొన్ని రీడింగులు సున్నా వస్తున్నాయి, కొన్ని ఎక్కడివో తెలియని అంకెలు. క్రాష్ అయితే కోర్ డంప్ తీసి చూసుకునేవాళ్ళం, ఇది క్రాష్ కూడా అవ్వదు, హాయిగా తప్పు చెప్తూ కూర్చుంటుంది.

ఓ0తో (కంపైలర్ ఆప్టిమైజేషన్ లేకుండా) కడితే అన్నీ కరెక్టు. ఓ1 కూడా కరెక్టే. ఇంకా గట్టి ఆప్టిమైజేషన్ అయిన ఓ2 పెట్టగానే తప్పు. అదే సోర్సు, అదే ఓ2 ఉబుంటులో బాగానే ఉంది. సీ కంపైలర్ జీసీసీ కూడా రెండు చోట్లా ఇంచుమించు ఒకటే వెర్షను. మా లీడ్ ఇది కంపైలర్ బగ్గని తేల్చేసి ఓ0తో రిలీజ్ చేసెయ్ అంటున్నాడు. నాకు మనసొప్పట్లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

గోంగూర64
ఆల్పైన్‌లో సీ లైబ్రరీ ఉబుంటులోలా జీలిబ్‌సీ కాదు, మజిల్. అందులో థ్రెడ్ స్టాక్ డిఫాల్టు 128 కేబీ మాత్రమే, ఉబుంటులో మామూలుగా 8 ఎంబీ ఉంటుంది. పెద్ద లోకల్ అర్రేలు పెట్టిన పాత కోడ్ అక్కడే పడిపోతుంది. కాకపోతే అది జరిగితే సెగ్మెంటేషన్ ఫాల్ట్ రావాలి, నీకు రావట్లేదంటున్నావు. అయినా ఒకసారి చూసుకో.

హొసూరు_రోడ్డు
కంపైలర్లలో బగ్గులు లేవని ఎవరన్నారు బ్రో, జీసీసీ బగ్‌జిల్లా (బగ్గుల చిట్టా) తెరిచి చూడు ఒకసారి. మీ లీడ్ చెప్పినట్టు ఓ0 పెట్టి పంపెయ్, మీటర్ డేటాకి స్పీడెందుకు. మేమైతే అన్నిటికీ ఓఫాస్ట్ (వేగం కోసం ప్రమాణాన్ని కూడా పక్కనపెట్టే ఆప్టిమైజేషన్) పెడతాం, ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

సీఐ_అక్క (చెన్నై)
ఓ0తో పంపకండి తమ్ముడూ. స్పీడు సంగతి వదిలెయ్యండి, ఫోర్టిఫై సోర్స్ అనే రక్షణ ఉంది కదా, మెమ్‌కాపీ, స్ప్రింట్ఎఫ్ లాంటివాటిలో బఫర్ దాటితే ప్రోగ్రాంని ఆపేసేది, అది ఆప్టిమైజేషన్ ఉంటేనే పనిచేస్తుంది. ఓ0లో మీరు ఆ మాక్రో పెట్టినా పెట్టనట్టే. నెట్‌వర్క్ నుంచి వచ్చే ప్యాకెట్లు విప్పే ప్రోగ్రాంకి ఉన్న ఆ ఒక్క కంచె కూడా పీకేస్తామంటే మీ సెక్యూరిటీ టీం ఊరుకుంటుందా?

పైగా ఓ0లో పనిచేస్తోందంటే బగ్గు పోయిందని కాదు. కనబడకుండా దాక్కుంది, అంతే.

ప్యాకేజీ_పంతులు (బెంగళూరు)
ఇంకా కంపైలర్ దాకా వెళ్ళొద్దు. ముందు రెండు చోట్లా అసలు ఏ ఫ్లాగులతో కంపైల్ అవుతోందో చూశావా? ఆటోమేక్ (మేక్‌ఫైళ్ళు తయారుచేసే సాధనం) వాడే ప్రాజెక్టుల్లో తెర మీద "సీసీ ఫలానా.ఓ" అని చిన్న ముక్క కనిపిస్తుంది, అసలు కమాండు దాచేస్తుంది. మేక్‌కి వీ=1 ఇచ్చి మళ్ళీ కట్టు. ఉబుంటు లాగ్, ఆల్పైన్ లాగ్ రెండూ పక్కపక్కన పెట్టి, ఒకే ఫైలు కంపైల్ అయిన లైను తీసుకుని డిఫ్ కొట్టు. అలాగే రెండు చోట్లా కన్ఫిగర్ (బిల్డుకి ముందు సిస్టంని పరీక్షించే స్క్రిప్టు) తయారుచేసిన కన్ఫిగ్.హెచ్ ఫైళ్ళు కూడా. సోర్సు ఒకటే, ఓ2 ఒకటే అని నువ్వనుకుంటున్నావు, కంప్యూటర్ కూడా అదే అనుకుంటోందో లేదో తెలియాలి కదా.

మారతహళ్ళి_మెస్
పంతులు గారూ, పట్టేశారు! కన్ఫిగ్.హెచ్ రెండూ ఒకటే, చిన్న తేడాలు తప్ప. కానీ కంపైల్ లైనులో ఉబుంటులో ఒక ఫ్లాగు అదనంగా ఉంది: నో-స్ట్రిక్ట్-ఎలియాసింగ్ (పాయింటర్ల రకాల మీద కంపైలర్ చేసే ఒక ఊహని ఆపేది). ఆల్పైన్‌లో అది లేదు. కన్ఫిగర్.ఏసీ (కన్ఫిగర్‌కి మూలమైన ఫైలు) తెరిచి చూస్తే ఫ్లాగు కలిపే లైను ఉంది, ఏ కండిషనూ లేదు, నేరుగానే ఉంది:

సీఫ్లాగ్స్+=" -ఎఫ్‌నో-స్ట్రిక్ట్-ఎలియాసింగ్"

లైను ఉంది కదా, మరి ఆల్పైన్‌లో ఎందుకు కలవలేదు?

తరమణి_తంబి (చెన్నై)
ఆ += చూశారా, అదే. అది బ్యాష్ అనే షెల్ సొంత వ్యవహారం, పోసిక్స్ (యూనిక్స్ ప్రమాణం) షెల్‌లో లేదు. ఆల్పైన్‌లో /బిన్/ఎస్‌హెచ్ అంటే బిజీబాక్స్ వాళ్ళ యాష్ అనే చిన్న షెల్. దానికి ఆ లైను అసైన్‌మెంటులా కనపడదు, మొత్తం కలిపి ఒక కమాండు పేరనుకుని వెతుకుతుంది. దొరకదు. "నాట్ ఫౌండ్" అని ఒక లైను స్టాండర్డ్ ఎర్రర్‌లోకి వదిలి ఏమీ జరగనట్టు ముందుకెళ్ళిపోతుంది, ఎందుకంటే కన్ఫిగర్ స్క్రిప్టులో సెట్ -ఈ (తప్పు రాగానే ఆగిపోమనే ఆదేశం) ఉండదు.

మీ సీఐ (ఆటోమేటిక్ బిల్డ్, టెస్టులు) లాగ్‌లో "నాట్ ఫౌండ్" అని వెతకండి. కన్ఫిగ్.లాగ్ ఫైల్లో వెతికితే దొరకదు, ఆ మెసేజీ అందులోకి పోదు, తెర మీదికే పోతుంది.

మారతహళ్ళి_మెస్
ఉంది!! "చెకింగ్ ఫర్... యెస్" లైన్ల గుంపు మధ్యలో ఒంటరిగా ఒక్క లైను. బిల్డ్ పచ్చగా పాసయ్యింది కాబట్టి మా టీంలో ఎవరూ ఆ లాగ్ తెరవనేలేదు.

కానీ ఒక డౌటు. ఉబుంటులో కూడా /బిన్/ఎస్‌హెచ్ బ్యాష్ కాదు కదా, డ్యాష్ కదా? డ్యాష్‌కి కూడా += తెలియదు. నేనే టెర్మినల్‌లో డ్యాష్ తెరిచి చూశాను, అదే ఎర్రర్ ఇచ్చింది. మరి ఉబుంటులో ఇన్నాళ్ళూ ఎలా పనిచేసింది?

గోంగూర64
అవును, ఇది నాకూ అర్థం కావట్లేదు. ఉబుంటు 2006లోనే, 6.10 వెర్షన్లో, ఎస్‌హెచ్‌ని డ్యాష్‌కి మార్చేసింది, బూటింగ్ త్వరగా అవ్వాలని. డెబియన్ 2011లో స్క్వీజ్‌తో మార్చింది. మరి అక్కడ పగలాలి కదా.

ప్యాకేజీ_పంతులు
దీని వెనక కొంచెం కథ ఉంది, ఓపిగ్గా చదవండి.

ఆటోకాన్ఫ్ తయారుచేసిన కన్ఫిగర్ స్క్రిప్టు మొదలవగానే చేసే మొదటి పని తనని నడుపుతున్న షెల్ ఎలాంటిదో పరీక్షించుకోవడం. ఫంక్షన్లు సరిగా పనిచేస్తున్నాయా, లైన్‌నో అనే వేరియబుల్ (ఇప్పుడు ఎన్నో లైను నడుస్తోందో చెప్పేది) ఉందా, ఇలా. ఈ షెల్ తనకి చాలదనుకుంటే సిస్టంలో ఇంకో షెల్ వెతుక్కుని, బ్యాష్ దొరికితే బ్యాష్‌తో, తనని తానే మళ్ళీ మొదటినుంచి నడుపుకుంటుంది. నిశ్శబ్దంగా. మనకి ఏ మెసేజీ ఇవ్వదు.

డ్యాష్‌లో చాలాకాలం లైన్‌నో లేదు. కాబట్టి డెబియన్, ఉబుంటులలో కన్ఫిగర్ పైకి ఎస్‌హెచ్‌తో మొదలైనా నిజానికి నడిచేది బ్యాష్‌లో. 2020లో డ్యాష్ 0.5.11లో లైన్‌నో వచ్చింది. వచ్చాక ఏమైంది? కన్ఫిగర్ "ఓహో, ఈ షెల్ చాలు" అనుకుని డ్యాష్‌లోనే ఉండిపోవడం మొదలుపెట్టింది, అంతవరకు దాక్కున్న ఇలాంటి += లన్నీ బయటపడి ప్యాకేజీలు పగిలాయి. దాంతో డెబియన్ వాళ్ళు ఆ సౌకర్యాన్ని ఆపేసి డ్యాష్‌ని కట్టడం మొదలుపెట్టారు. ఉబుంటుకి అదే సంక్రమించింది. మీ ప్యాకేజీ అక్కడ బతికింది ఆ దయ వల్లే. రెడ్‌హ్యాట్‌లో ఎస్‌హెచ్ అంటే ఎలాగూ బ్యాషే కాబట్టి అక్కడ అసలు ప్రశ్నే లేదు.

ఆల్పైన్‌లో యాష్‌కి లైన్‌నో తెలుసు. పైగా మామూలు ఆల్పైన్ ఇమేజీలో బ్యాష్ ఉండనే ఉండదు. కన్ఫిగర్ యాష్‌లోనే ఉండిపోయింది, మీ ఫ్లాగు గాలికి పోయింది.

కావాలంటే ఉబుంటులోనే కన్ఫిగ్_షెల్ అనే వేరియబుల్‌కి /బిన్/డ్యాష్ ఇచ్చి, డ్యాష్‌తోనే కన్ఫిగర్ నడిపి చూడండి. అక్కడా అదే తప్పు రీడింగు వస్తుంది.

మారతహళ్ళి_మెస్
నడిపాను. ఉబుంటులో కూడా అవే సున్నాలు! మా లీడ్‌కి స్క్రీన్‌షాట్ పంపాను, ఇంకా బ్లూ టిక్ పడలేదు.

గోంగూర64
ఈ యాష్‌తో ఉన్న తలనొప్పేంటంటే అది సగం బ్యాష్. జోడు చదరపు బ్రాకెట్లు పనిచేస్తాయి, టెస్టులో == పనిచేస్తుంది, &> కూడా పనిచేస్తుంది. దాంతో "ఆల్పైన్‌లో టెస్ట్ చేశాం, పోసిక్స్‌కి సరిపోతుంది" అని జనం నమ్మేస్తారు. డ్యాష్‌లో అవేవీ పనిచేయవు.

&> గురించి చెప్పకపోతే నిద్రపట్టదు నాకు. బ్యాష్‌లో "ఫలానా కమాండు &> /డెవ్/నల్" అంటే అవుట్‌పుట్టు, ఎర్రర్లు రెండూ పారేయమని. డ్యాష్ దీన్ని రెండు ముక్కలుగా చదువుతుంది. & దగ్గర కమాండు అయిపోయింది, దాన్ని బ్యాక్‌గ్రౌండ్‌లో నడుపు. తర్వాత > /డెవ్/నల్ అని ఖాళీ రీడైరెక్షను, అది ఎప్పుడూ సక్సెస్సే. అంటే "ఇఫ్ ఈ హెడర్ కంపైల్ అవుతుందా &> /డెవ్/నల్" అని రాస్తే జవాబు ఎప్పుడూ అవును! లైబ్రరీ ఉన్నా అవును, లేకపోయినా అవును, జీసీసీయే లేకపోయినా అవును. అలా రాయడం తప్పని షెల్ ఏ ఎర్రరూ ఇవ్వదు. += కనీసం నాట్ ఫౌండ్ అని మూలుగుతుంది, ఇది అదీ లేదు.

సీఐ_అక్క
అబ్బో, ఈ &> వల్ల మా దగ్గర ఒక ప్యాకేజీ పోస్ట్ఇన్‌స్టాల్ స్క్రిప్టు యూజర్ అకౌంట్ తయారవ్వకముందే ఆ యూజర్‌కి ఫోల్డర్ ఓనర్‌షిప్ ఇవ్వాలని చూసేది. ఒక్కోసారి యాడ్‌యూజర్ ముందు పూర్తయ్యేది, ఒక్కోసారి కాదు. షోలింగనల్లూరు ఆఫీసులో అందరూ డిస్క్ స్లో అని డిస్క్ మీద పడ్డారు.

సరే, ఇప్పుడు పరిష్కారం మాటేంటి? నా దృష్టిలో సులువైంది డాకర్‌ఫైల్‌లో బిల్డ్ స్టేజిలో బ్యాష్ ఇన్‌స్టాల్ చేసి కన్ఫిగర్‌ని బ్యాష్‌తో నడపడం. ఒక్క లైను మార్పు. చివరి ఇమేజీలో బ్యాష్ ఉండదు కాబట్టి సైజు కూడా పెరగదు. అందరికీ పోసిక్స్ వ్యాకరణం నేర్పేంత తీరిక ఎవరికుంది? మీ ఉద్యోగం రీడింగులు సరిగ్గా చూపించడం.

ప్యాకేజీ_పంతులు
అక్కా, బ్యాష్ వాడటం తప్పని నేనూ అనను. ఇన్‌స్టాల్ స్క్రిప్టుల్లో బ్యాష్ కావాలంటే మొదటి లైనులో బ్యాష్ అని రాసి వాడుకోమని డెబియన్ పాలసీయే చెప్తోంది. ఎస్‌హెచ్ అని రాసి బ్యాష్ వాడటమే గొడవ. కానీ కన్ఫిగర్ విషయంలో ఆ వెసులుబాటు లేదు, అది ఆటోకాన్ఫ్ తయారుచేసే ఫైలు, మొదటి లైను మన చేతిలో లేదు.

ఇంకో సంగతి. ఇక్కడ += ని సరిచేసినా జబ్బు సగమే పోతుంది. సీఫ్లాగ్స్ అనేది కట్టేవాడి సొత్తు, ప్రాజెక్టుది కాదు. రేపు ఎవరో ప్యాకేజీ కట్టేవాడు మేక్ కమాండు పక్కనే సీఫ్లాగ్స్ ఇచ్చాడనుకో, మేక్‌ఫైల్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, నీ ఫ్లాగు దాంతోపాటే. ఏ షెల్ అయినా సరే. ప్రాజెక్టుకి తప్పనిసరి అయిన ఫ్లాగులు మేక్‌ఫైల్.ఏఎమ్‌లో ఏఎమ్_సీఫ్లాగ్స్‌లో పెట్టాలి. ఆటోమేక్ దాన్ని ముందు పెట్టి, కట్టేవాడి సీఫ్లాగ్స్‌ని వెనక కలుపుతుంది. ఇద్దరివీ బతుకుతాయి.

తరమణి_తంబి
అసలు ఆ ఫ్లాగు ఎందుకు కావాల్సి వచ్చిందో ఎవరూ అడగట్లేదేంటి? మాడ్‌బస్ అన్నాడుగా, నేను చూడకుండానే చెప్తా. మాడ్‌బస్ రిజిస్టరు 16 బిట్లు. 32 బిట్ల ఫ్లోట్ పంపాలంటే రెండు రిజిస్టర్లు పడతాయి. అవి కలిపే ఫంక్షన్లో ఒక ఫ్లోట్ వేరియబుల్ పెట్టి, సున్నాతో మొదలుపెట్టి, దాని అడ్రసుని 16 బిట్ల పూర్ణాంకం పాయింటర్‌గా కాస్ట్ చేసి, రెండు సగాలూ అందులో పడేసి, ఫ్లోట్ తిరిగి ఇచ్చి ఉంటారు. కరెక్టేనా?

మారతహళ్ళి_మెస్
అన్నా మీరు మా రెపో చూశారా ఏంటి! అక్షరాలా అదే.

తరమణి_తంబి
చూడక్కర్లేదు, ఇలాంటి కోడ్ అంతా ఒకే అచ్చులో పోసినట్టుంటుంది.

జరిగేదిది. ఒక రకం పాయింటరు ద్వారా రాసి ఇంకో రకంగా చదివితే అది నిర్వచించని ప్రవర్తన అని సీ ప్రమాణం 1989 నుంచీ చెప్తోంది (క్యార్ రకాలకి మినహాయింపు ఉంది). ఓ2లో జీసీసీ దాన్ని నమ్ముకుంటుంది. "ఇది 16 బిట్ల పూర్ణాంకం పాయింటరు, కాబట్టి ఇది ఆ ఫ్లోట్‌ని తాకదు, తాకదు కాబట్టి ఫ్లోట్ ఇంకా సున్నాయే" అనుకుని సున్నా ఇచ్చేస్తుంది. మీరు రాసిన రెండు సగాలూ బూడిదలో పోసిన పన్నీరు. ఒక్కో చోట కంపైలర్ కోడ్‌ని ఎలా పేర్చిందన్న దాన్నిబట్టి సున్నానో, చెత్త అంకో, సరైన విలువో రావొచ్చు, అందుకే కొన్ని రీడింగులే తప్పు. ఓ1లో స్ట్రిక్ట్ ఎలియాసింగ్ ఆన్ అవ్వదు కాబట్టి అక్కడ బాగుంది. కంపైలర్ తప్పేమీ లేదు.

కాస్ట్ తీసేసి మెమ్‌కాపీ పెట్టండి. ఫంక్షన్ కాల్ అవుతుందని భయపడక్కర్లేదు, నాలుగు బైట్ల మెమ్‌కాపీని జీసీసీ ఓ2లో ఒక్క మూవ్ ఇన్‌స్ట్రక్షనుగా మార్చేస్తుంది.

గోంగూర64
ఇలాంటివి దొరకబట్టాలంటే వాల్ (జీసీసీలో వార్నింగులు ఆన్ చేసే ఫ్లాగు) పెడితే వచ్చే స్ట్రిక్ట్-ఎలియాసింగ్ వార్నింగు చూడాలి. కానీ ఆ వార్నింగు ఆ ఆప్టిమైజేషన్ ఆన్‌లో ఉంటేనే వస్తుంది. అంటే ఉబుంటులో ఫ్లాగు ఉన్నన్నాళ్ళూ వార్నింగు కూడా రాలేదు. ఇప్పుడు ఆల్పైన్ లాగ్‌లో వెతికితే కనీసం కొన్ని దొరకాలి. యూబీశాన్ (నిర్వచించని ప్రవర్తనని పట్టే సాధనం) పెట్టినా ఇది పట్టదు, దానికి ఓవర్‌ఫ్లోలు, అలైన్‌మెంటు తప్పులు దొరుకుతాయి గానీ ఎలియాసింగ్ దొరకదు. క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ 20వ వెర్షన్లో టైప్ శానిటైజర్ అని 2025లో వచ్చింది, అది ఇందుకే.

సీఐ_అక్క
మెమ్‌కాపీ పెట్టాక ఫ్లాగు తీసేద్దామా అని రేపు ఎవరో అడుగుతారు. తీయొద్దు. పాత కోడ్‌లో ఇలాంటి కాస్టులు ఇంకెన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు? లినక్స్ కెర్నెల్ ఇప్పటికీ ఆ ఫ్లాగుతోనే కడతారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు కూడా అంతే, దానితో పాటు ఎఫ్‌ర్యాప్‌వీ కూడా పెడతారు, పూర్ణాంకాల ఓవర్‌ఫ్లో మీద కంపైలర్ తెలివి చూపించకుండా. వాళ్ళకి లేని సిగ్గు మనకెందుకు.

తరమణి_తంబి
కెర్నెల్ వాళ్ళు దాన్ని తెలిసి, కావాలని, ఒక చోట రాసిపెట్టుకుని వాడుతున్నారు అక్కా. ఇక్కడ ఎవరో ఎప్పుడో వార్నింగు ఆగట్లేదని పెట్టి మర్చిపోయారు. నేనైతే ఫ్లాగు లేకుండా ఒక సీఐ జాబ్ పెట్టి, ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ పోతాను. మీరు ఒప్పుకోరని తెలుసు.

సీఐ_అక్క
ఒప్పుకోను. జాబ్ పెట్టు, రిలీజ్‌లో మాత్రం ఫ్లాగు ఉండాలి.

హొసూరు_రోడ్డు
ఇంత గొడవా? మా ఓఫాస్ట్‌కి ఇవేవీ రాలేదు మరి.

ప్యాకేజీ_పంతులు
మీకు రాలేదేమో, మీ లైబ్రరీ వాడినవాళ్ళకి వచ్చి ఉంటుంది. ఓఫాస్ట్‌లో ఫాస్ట్-మ్యాథ్ (ఫ్లోట్ లెక్కల్లో కచ్చితత్వం కన్నా వేగం చూసే ఫ్లాగు) కలిసి ఉంటుంది. దాంతో షేర్డ్ లైబ్రరీ లింక్ చేస్తే, ఎక్స్86 లినక్స్ మీద పాత జీసీసీలు అందులో ఒక చిన్న స్టార్టప్ ముక్క కలిపేవి. ఆ లైబ్రరీ లోడ్ అవ్వగానే అది ప్రాసెసర్ సెట్టింగు మార్చి, సున్నాకి మరీ దగ్గరగా ఉండే ఫ్లోట్ విలువల్ని సున్నా చేసేస్తుంది. మీ లెక్కలకే కాదు, లోడ్ చేసిన థ్రెడ్‌లో నడిచే మిగతా లైబ్రరీల లెక్కలకి కూడా, ఆ తర్వాత అక్కడినుంచి పుట్టే థ్రెడ్లకి కూడా. ఎవరో పైథాన్‌లో మీ లైబ్రరీ ఇంపోర్ట్ చేస్తే వాళ్ళ నంపై (పైథాన్ లెక్కల లైబ్రరీ) లెక్కలు మారతాయి, కారణం ఏ జన్మకీ దొరకదు. జీసీసీ 13 నుంచి షేర్డ్ లైబ్రరీలకి అది కలపడం మానేశారు. మీరు ఏ వెర్షను వాడుతున్నారు?

హొసూరు_రోడ్డు
11. సోమవారం చూస్తా.

గోంగూర64
పనిలో పని, మార్చ్=నేటివ్ (కట్టే మెషీన్ ప్రాసెసర్‌కే సరిపోయేలా కంపైల్ చేసే ఫ్లాగు) కూడా వాడుతున్నారేమో చూసుకోండి 😄 ఏవీఎక్స్-512 ఇన్‌స్ట్రక్షన్లు ఉన్న బిల్డ్ సర్వర్లో కట్టి, అది లేని కస్టమర్ మెషీన్ మీద వేస్తే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని మొదటి నిమిషంలోనే చస్తుంది. ఒక లెక్కన అదే నయం, చావు కనబడుతుంది.

మారతహళ్ళి_మెస్
అప్‌డేట్. ఫ్లాగు ఏఎమ్_సీఫ్లాగ్స్‌లోకి మార్చాను, ఫ్లోట్ కలిపే ఫంక్షన్లో మెమ్‌కాపీ పెట్టాను, ఆల్పైన్‌లో ఓ2తో టెస్టులన్నీ పాస్. కన్ఫిగర్.ఏసీలో ఇంకో రెండు == లు దొరికాయి, అవి = చేశాను. గోంగూర అన్న చెప్పిన వార్నింగులు లాగ్‌లో బోలెడున్నాయి, మెల్లగా చూస్తాను. లీడ్ ఓ0 మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు ఇదే ఇమేజీ ఆర్మ్ సర్వర్లకి కూడా కావాలంటున్నారు. ఇంకేమైనా గుంటలున్నాయా?

ప్యాకేజీ_పంతులు
ముందు ఒకటి చూసుకో. ఎక్స్86 మీద ఉత్త క్యార్ సైన్డ్ (మైనస్ విలువలూ పట్టేది), ఆర్మ్ లినక్స్ మీద అన్‌సైన్డ్. పాత కోడ్‌లో గెట్‌సీ ఇచ్చిన విలువని క్యార్‌లో పెట్టి ఈఓఎఫ్‌తో (ఫైలు అయిపోయిందని చెప్పే మైనస్ విలువతో) పోల్చి ఉంటే ఆ లూపు ఆర్మ్‌లో ఎప్పటికీ ఆగదు. మైనస్ ఉష్ణోగ్రతల్లాంటివి క్యార్‌లో దాస్తే 256 కలిసి వస్తాయి. తాత్కాలికంగా సైన్డ్-క్యార్ ఫ్లాగు పెట్టుకోవచ్చు, అసలైతే సైన్డ్ క్యార్ అనో ఇంట్8_టీ అనో స్పష్టంగా రాయాలి. పెట్టేదేదైనా ఏఎమ్_సీఫ్లాగ్స్‌లోనే పెట్టు.

తరమణి_తంబి
విడి షెల్ స్క్రిప్టులన్నిటి మీదా షెల్‌చెక్ నడుపు. మొదటి లైనులో ఎస్‌హెచ్ అని ఉంటే అది పోసిక్స్ లెక్కనే చూస్తుంది, +=, &> రెండూ పట్టేస్తుంది. డెబియన్ డెవ్‌స్క్రిప్ట్స్‌లో చెక్‌బ్యాషిజమ్స్ కూడా ఉంది. కన్ఫిగర్‌కి మాత్రం పంతులు గారి పద్ధతే, సీఐలో డ్యాష్‌తో ఒకసారి నడిపి, స్టాండర్డ్ ఎర్రర్‌ని విడిగా ఫైల్లోకి తీసి, అందులో "నాట్ ఫౌండ్" కనిపిస్తే బిల్డ్ ఆపేయమను.

సీఐ_అక్క
"అనెక్స్‌పెక్టెడ్ ఆపరేటర్" కూడా కలపండి, డ్యాష్‌లో == కి వచ్చే తిట్టు అదే.

మారతహళ్ళి_మెస్
రెండూ కలిపి జాబ్ పెట్టాను. మొదటి రన్‌లోనే ఇంకో రెపో ఎర్రగా అయ్యింది, దాని సంగతి వేరే థ్రెడ్‌లో పెడతాను.